తడవని వాన

పాత దెయ్యం సినిమాలను మళ్ళీ తీయకూడదని మా కెంచార్లహళ్ళిలో అందరికంటే గట్టిగా వాదించినవాణ్ణి నేనే. పొద్దున టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చున్నానంటే అడిగినవాళ్ళకూ చెప్పేవాణ్ణి, అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి.

"ఆ సినిమాను ఇంగొకడు తీయలేడప్పా. తీస్తే నవ్వులపాలే. దాంట్లో వాన ఉండాది. ఆ వాన చేసేది తెలిసినోడు ఈ తాలూకాలో ఒకడే. ఆ ఒక్కడూ నీ ముందర టీ తాగుతాండాడు."

ఏ సినిమా అని మా వయసువాళ్ళెవరూ అడగరు. ఊరి బయట టెంటు వేసి సినిమాలు ఆడించే కాలంలో వచ్చిన నలుపు తెలుపు బొమ్మ అది. ఒక పెద్దింటికి కొత్త కోడలు వస్తుంది. చచ్చిపోయిన అత్త గదికి గడియ పెట్టి ఉంటారు, తెరవొద్దంటారు. తెరవొద్దన్నారు కాబట్టి కోడలు దీపం పట్టుకొని పోతుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. అప్పుడు వాన మొదలవుతుంది. సన్నగా మొదలై, జోరందుకుంటుంది. కానీ బయట పిండి ఆరబోసినట్టు వెన్నెల. లోగిలి నేల పొడిగా ఉంటుంది. వాన వినబడుతూనే ఉంటుంది, నేల మాత్రం తడవదు. అంతే. జుట్టు విరబోసుకున్న మనిషి లేదు, నెత్తురు లేదు. ఆ తడవని వాన చాలు, నేల మీద కూర్చున్న జనం ఒకరి ఒళ్ళోకి ఒకరు జరిగిపోవడానికి.

నేను ఆ టెంటులో ఆపరేటర్ని. ఆ సీను వచ్చే వేళకు స్పీకరు మూగబోతే, తెర వెనక నిలబడి నా రెండు చేతులతో వాన కురిపించాను. నలుగురు ఆడవాళ్ళు మూర్ఛపోయారు. తహసీల్దారు జీపెక్కి వెనక్కి చూడకుండా చింతామణి పోయాడు. నూరు రోజులు ఆడింది.

సరే. ఆపరేటర్ని కాను. మిషను దరిదాపులకు నన్ను రానిచ్చేవాళ్ళు కాదు. చిక్కబళ్ళాపురం నుంచి బస్సు మీద వచ్చే రీళ్ళ పెట్టె దించుకోవడం, సాయంత్రం ఇసుక చదును చేయడం, ఆట మొదలయ్యాక కుక్కలు వైరు కొరక్కుండా తెర వెనక స్పీకరు పక్కన కాపలా కూర్చోవడం నా పని. మూర్ఛపోయినవాళ్ళు లేరు. ఒకామె వాంతి చేసుకుంది, అది ఆమె తిన్న బజ్జీల వల్ల. తహసీల్దారు రానే లేదు. నూరు రోజులు కాదు, వారం. వాన సంగతి మాత్రం ఇప్పుడే ఒప్పుకోను. దానికి ఇంకా వేళ ఉంది.

నా కొడుకు కూతురు చింతామణిలోనే పెరిగింది, అక్కడి కాలేజీలో డిగ్రీ చదువుతోంది. ఫోనుతో సినిమాలు తీస్తుంది. వాళ్ళకు ఏటా, కన్నడంలో కిరుచిత్ర స్పర్ధె అని, చిన్న సినిమాల పోటీ పెడతారు. పోయిన సంవత్సరం అది ఒక దెయ్యం బొమ్మ తీసింది. దెయ్యం తెర మీదికి రాగానే రంగమందిరం అంతా విరగబడి నవ్వింది. మూడు రోజులు పిల్ల అన్నం సరిగ్గా తినలేదు. ఈ సంవత్సరం వచ్చి నా మంచం మీద కూర్చొని చెప్పింది.

"తాతా, ఈసారి మీ సినిమానే మళ్ళీ తీస్తాను. ఆ తలుపు సీను. ఈసారీ నవ్వినారంటే ఇంగ నేను కెమెరా ముట్టను."

"ఒద్దు పాపా. పాత దెయ్యాలను లేపద్దు. వాటికి మర్యాద ఉంటాది."

"నువ్వు చెప్పిందే చెప్తావు. ఫోన్లో దొరికింది, సూడు."

నా ఒక్కడికి చూపించి ఊరుకుంటే సరిపోయేది. టీ అంగడి దగ్గరికి తెచ్చి, నా తోటి ముసలివాళ్ళందరి ముందరా పెట్టింది. ఎనిమిది తలకాయలు ఒక ఫోను మీద వంగాయి. కోడలు వచ్చింది. దీపం వచ్చింది. గడియ మీద చెయ్యి వేసింది. పిడేళ్ళు కుయ్యోమన్నాయి. తలుపు తెరుచుకుంది. అయిపోయింది.

"వాన యాడ?" అన్నాడు మా ఊరి మాజీ పోస్టుమాను.

"కోసేసినారు," అన్నాడు ఇంకొకాయన. "ఈ ఫోనోళ్ళు అన్నీ కోసేస్తారు."

"కోసేది కాదప్పా," అన్నాను నేను, భుజం మీద తువ్వాలు సర్దుకొని. "ఆ వాన సినిమాలో ఎప్పుడూ లేదు. నేను చేసింది. ఇన్నేండ్లూ చెప్తాంటే మీరు నమ్మితిరా?"

జీవితంలో నా గొప్పలకు సాక్ష్యం దొరికిన ఒకే ఒక్క క్షణం అది. పోస్టుమాను నాకు ఇంకొక టీ చెప్పించాడు. నేను ఇంకొంచెం ముందుకు పోయి, ఈ బొమ్మను తప్పుగా ఎక్కించారనీ, గడియ తలుపుకు ఎడమ పక్కన ఉండాలి కానీ కుడి పక్కన ఉందనీ కూడా అన్నాను. మనవరాలు నన్ను ఒకసారి చూసి, ఫోను మూసి, చాలా మర్యాదగా అడిగింది.

"అట్లయితే తాతా, నాకూ ఆ వాన చేసియ్యి. అది ఉంటే ఎవురూ నవ్వరు."

ఆ రెండో టీ పోస్టుమాను ముందరికే జరిపాను.

మరుసటి రోజు నుంచి మా మిద్దె మీద వాన ప్రయత్నాలు. చాటలో రాగులు పోసి ఊపాను. రేకు మీద గులకరాళ్ళు దొర్లించాను. ఎండిన కంది కట్టెలు దులిపాను. పిల్ల అన్నీ ఫోనులోకి ఎక్కించుకొని, తల అడ్డంగా ఊపింది. మా ఇంటామె కింద నుంచి ఒక మాట వదిలింది. "మీ తాతకు ఆ కళ ఇప్పుడు మర్సిపోయింటాదిలే పాపా." ఆ గొంతులో ఏదో ఉంది. నేను విననట్టు ఉన్నాను.

చివరికి బాగేపల్లి పోదామన్నాను. టెంటులో టికెట్లు చించే నా జతగాడు అక్కడ ఉన్నాడు. వాడి చెవి మంచిది, ఏ వాన దగ్గరగా ఉందో చెబుతాడని పిల్లను నమ్మించాను. నిజానికి ఇంకొక వారం గడిపేస్తే పోటీ దాటిపోతుందని నా ఆశ. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

బాగేపల్లిలో వాడు కండ్లు మూసుకొని మా వానలన్నీ విన్నాడు.

"మొదటిది మీ ఇంట్లో ఎవురో తిరగమాత పెడతాండారు. రెండోది లారీ దింపుతాండారు. మూడోది ఏందో నాకి తెల్దు గానీ, వాన మాత్రం కాదు." కండ్లు తెరిచి నావైపు తిరిగాడు. "అయినా నువ్వు కెంచార్లహళ్ళిలోనే కదప్పా చేసింది. టెంటు ఈడికి వచ్చినాక జనం వాన వాన అని అరిస్తే, చెయ్యి బెణికింది అంటివి. గుడ్డ కట్టుకోని తిరిగితివి. నెల దినాలు కట్టుకుంటివి."

మనవరాలు కాఫీ తాగింది, వాడి కాళ్ళకు మొక్కింది, బస్సెక్కింది. బస్సు ఊరు దాటాక కిటికీ బయటికి చూస్తూనే అడిగింది.

"ఏ చెయ్యి బెణికింది తాతా?"

"కుడి."

"ఆయప్పను నేను పక్కకు పిల్చుకోని అడిగితిని. ఎడమ చేతికి కట్టుకోనుంటివంట."

ఇక దాక్కోవడానికి నాకు మిగిలిన చోటేదీ లేదు. "ఇంటికి పోదాం పా. చెప్పేది కాదు, వినిపిస్తాను," అన్నాను.

మాది పట్టుపురుగుల ఇల్లు. ఇంటి వెనక పురుగులు పెంచే పొడుగాటి కొట్టం ఉంది, దాన్ని మనె అంటాం. మేం చేరేసరికి మా ఇంటామె మల్బరీ ఆకు వేస్తోంది. పురుగు తన బతుకులో నాలుగుసార్లు తిండి మానేసి పడుకొని, తోలు విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచిందంటే దాని ఆకలికి ఇక అంతు ఉండదు. ఏడెనిమిది రోజులు తినడమే పని, తర్వాత గూడు కట్టుకుంటుంది. బయట సున్నం మీద కాళ్ళు తుడుచుకొని లోపలికి పోయి, పిల్లను కండ్లు మూసుకోమన్నాను.

ఆకు పరిచిన కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో ఒక మూల చిటపట. తర్వాత పక్కన. ఆ తర్వాత వేల నోళ్ళు ఒకేసారి ఆకును కొరికాయి. మనె పైన రేకుల మీద నిండు వాన పడుతున్నట్టు ఉంది. పిల్ల ఉలిక్కిపడి, కండ్లు తెరిచి, తలుపు బయటికి చూసింది. ఎండ. పొడి నేల.

"తాతా!" అంది.

అప్పుడు ఒప్పుకున్నాను. ఆ రోజు టెంటును ఈ మనె పక్కనే వేశారు. అప్పటికి ఇది మా మామగారిది. నేను తెర వెనక చెనిక్కాయలు తింటూ, కాళ్ళు చాపుకోబోయి స్పీకరు వైరు పీకేశాను. సినిమా మూగబోయింది. సరిగ్గా కోడలు గడియ ముట్టుకుంది. ఆ నిశ్శబ్దంలో వాన వచ్చింది. ఆకాశం చూశాను, చుక్కలు. కింద చూశాను, పొడి ఇసుక. జనం అరిచింది తర్వాత. మొదట లేచి పరుగెత్తింది నేను. గుడ్డ పైకెత్తి, టెంటు బయటపడి, వెలుతురు కనబడిన చోటికి పరుగెత్తి, ఈ వాకిట్లోనే పడ్డాను. ఆకుల గంప నెత్తిన పెట్టుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఏమన్నది అవ్వ?" అంది పిల్ల.

పురుగుల మీద నుంచి తల ఎత్తకుండా మా ఇంటామే చెప్పింది. "బీడీ కంపు కొడతాండావు, దూరంగా నిలబడప్పా, పురుగులు సస్తాయి అంటిని. రొప్పుతా అడిగినాడు, వాన ఎవురు చేస్తాండేది అని. నేనే అంటిని."

టెంటు యజమాని ఆ వాన నా పనితనం అనుకొని వీపు తట్టాడు. కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను, ఆ నోట్లో ఆయన ఒక లడ్డు పెట్టాడు. ఆ తర్వాత ప్రతి ఆటకూ వేళ చూసుకొని వైరు పీకాను. ఆమె ప్రతి ఆటకూ అదే వేళకు ఆకు వేసింది. పురుగులు గూళ్ళు కట్టుకున్నాక నా చెయ్యి బెణికింది. మిగిలిందంతా ఇన్నేండ్లుగా నేను టీ అంగడిలో కట్టిన కోట.

"నీకి తెలుసు కదవ్వా, మళ్ళ ఎందుకు చెప్పకపోతివి?"

"యాడిదాకా పోతాడో సూస్తాంటి. తహసీల్దారుదాకా పోయినాడు."

"సినిమా ఎట్లుండె?"

మా ఇంటామె చేయి ఒక్క క్షణం ఆగింది. "నేను యాడ సూస్తిని? అదే వేళకు పురుగులకు మేత. పక్కనుంచి జనం అరుపులు వింటా ఆకు వేస్తాంటి. ఏం కనపడి అరుస్తాండారో నాకి ఇప్పటికీ తెల్దు."

చూపిద్దామని పిల్ల ఫోను తీసింది. ఆమె వద్దంది. "అంత చిన్న దెయ్యానికి ఏం భయపడేదమ్మా."

ఒక మనిషి ఊరందరినీ భయపెట్టి, ఆ భయం ఏమిటో తాను మాత్రం చూడకుండా ఇన్నేండ్లు ఉండటం, పేరేమో పక్కవాడు కొట్టేయడం. నేను కొట్టేసినవాటిలో ఇదే పెద్దది. పాత సినిమాను మళ్ళీ తీయకూడదని అరిచానే, ఎందుకో ఆ పూట నాకే తెలిసింది. మళ్ళీ తీస్తే పాత సినిమాకు ఏం కాదు. నా గుట్టు బయటపడుతుంది. అసలు మేము ఇన్నేండ్లు తలుచుకున్న సినిమా, తీసినాయన తీసినదే కాదు. కాలు తగిలి ఊడిన ఒక వైరు, ఆకలేసిన పురుగులు, మేత వేళ తప్పని ఒక అమ్మాయి, ముగ్గురూ కలిసి కెంచార్లహళ్ళిలో దాన్ని అప్పుడే మళ్ళీ తీసేశారు.

తలుపు సీను తీయడం పిల్ల అప్పటికే ముగించింది; ఆ చప్పుడును ఎక్కించబోతే ఫోను మొరాయించింది. మాట కాని ప్రతిదాన్నీ చెత్త అనుకొని తుడిచేసే తెలివి దానికి ఉందట. వాన పోయి, ఏదో నూనె కాగుతున్నట్టు మిగిలింది. రెండు రోజులు తంటాలు పడి, ఏడుపు మొహంతో కూర్చుంది. అప్పుడు మా ఇంటామె తీర్పు చెప్పింది.

"పురుగులనే తీసుకోని పోదాం. పోటీ దినానికి నాలుగో జ్వరం లేచి ఐదు దినాలు అయింటాయి. మంచి ఆకలి మీద ఉంటాయి. ఆకు మీ తాత వేస్తాడు. నేను ముందర కూర్చోని సూస్తాను."

అటక మీది వెదురు తట్టలు దించాం. పన్నెండు తట్టల పురుగులు, నాలుగు గంపల ఆకు, గూడ్సు ఆటోలో చింతామణి చేరాయి. వెనక వ్యానులో టీ అంగడి బెంచీ మొత్తం వచ్చింది. పురుగుల సంగతి వాళ్ళకు చెప్పలేదు. రంగమందిరం తెర వెనక తట్టలు పరిచి, వాటి మీదికి హాలు మైకు వంచాం. మధ్యాహ్నం మేత వేయకుండా ఆపాం.

సభ మొదట్లోనే చిక్కు వచ్చింది. ప్రాంశుపాలరు, అంటే కాలేజీ పెద్దాయన, దీపం వెలిగించి అగరబత్తి అంటించబోయాడు. మా ఇంటామె ముందు వరస నుంచి లేచి నేరుగా వేదిక ఎక్కింది.

"అది వద్దప్పా. పొగకు అవి సస్తాయి."

"ఎవరమ్మా?" అన్నాడాయన కంగారుగా.

"లోపల ఉండేవి. నువ్వు సెంటు కూడా పూసుకోనుండావు, కొంచెం ఇట్ల జరుగు."

ఏమనుకున్నాడో ఏమో, ఆయన అగరబత్తి జేబులో పెట్టుకొని, తన కుర్చీని తెరకు దూరంగా వేయించుకున్నాడు. దెయ్యం సినిమాకు అంతకంటే మంచి ఆరంభం లేదు.

మా పిల్ల సినిమా వచ్చింది. తెర వెనక చీకట్లో ఆకుల గంపతో నేను. మా ఇంటామె నాకు లెక్క చెప్పింది: కోడలు దీపం వెలిగించగానే ఆకు వేయాలి, నూరు లెక్కపెట్టేలోగా పురుగులు అందుకుంటాయి. దీపం వెలిగింది. పన్నెండు తట్టల మీదా ఆకు పరిచాను. లెక్కపెట్టాను. నలభై. అరవై. కోడలు నడుస్తోంది. ఎనభై. ఏమీ లేదు. ముందు వరసల్లో ఎవరో కుర్రవాడు కిసుక్కుమన్నాడు. మోకాళ్ళ మీద కూర్చొని, ఒక పురుగు ముందర ఆకు పట్టుకొని, "తినమ్మా తల్లీ, నా మర్యాద కాదు, పిల్లది," అన్నాను. ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు. నిజంగా అన్నాను.

కోడలు గడియ మీద చెయ్యి వేసింది. వాన మొదలైంది.

మొదట ఎవరికీ భయం వేయలేదు. ఒక ఉపన్యాసకుడు తన బైకు మీది సీటు తడుస్తుందని లేచాడు. మా ఊరి ఆమె ఒకతె, "అయ్యో, మిద్దె మీద రాగులు ఎండేసొస్తిని!" అని అరిచింది. ఇద్దరు తలుపు దాకా పరుగెత్తి, తెరిచి చూశారు. మధ్యాహ్నపు ఎండ కత్తిలా లోపలికి వచ్చింది. పొడి నేల. ఒక్క చినుకు లేదు. వెనక వాన జోరుగా కురుస్తూనే ఉంది. ఆ ఇద్దరూ తలుపు వదిలేసి, మెల్లగా వెనక్కి నడిచి, ఎవరి ఒళ్ళో కూర్చుంటున్నారో చూడకుండా కూర్చున్నారు. కిసుక్కుమన్న కుర్రవాడి గొంతు మళ్ళీ వినబడలేదు.

అప్పుడు ఒక అరుపు. అది ఎవరిదో తెర ఇవతల నుంచే తెలిసింది. ఇన్నేండ్లు కాపురం చేశాను, తేలుకు కూడా అరవని మనిషి అది. పురుగు నమలడం పొద్దున సాయంత్రం వినే మనిషి, ఆ చప్పుడు ఏమిటో ఆ హాల్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి, అరిచింది. ఆమె వెంట హాలంతా అరిచింది. నేను తెర వెనక ఆకుల గంప ఎత్తి పట్టుకొని చిందేశాను.

మనవరాలు నన్ను వేదిక మీదికి లాక్కొచ్చి, "వాన కురిపించిన మా తాత," అంది. చొక్కా నిండా ఆకు తొడిమెలు. చప్పట్లు ఆగాక మైకు పట్టుకొని చెప్పాను: ఆ వాన ఏ కాలంలోనూ నాది కాదు, ముందు వరసలో కూర్చున్న ఆమెది, నేను ఇన్నేండ్లూ అబద్ధం చెప్పాను.

పోస్టుమాను లేచి నిలబడ్డాడు. "ఇది అబద్ధమప్పా! ముసలితనంలో పెండ్లాం మీద ప్రేమ పుట్టి కోస్తాండాడు. వాన నువ్వే చేస్తివి, మేము వింటిమి కదా!"

నా బతుకులో మొదటిసారి అందరి ముందరా నిజం చెబితే నమ్మినవాడు లేడు. ఇక మాటలతో పని లేదని, తెర కొస పట్టుకొని పక్కకు లాగేశాను. పన్నెండు తట్టలు. తెల్లగా కదులుతున్న పురుగులు. వాన ఇంకా కురుస్తూనే ఉంది. హాలు హాలంతా లేచి నిలబడి చూసింది. పోస్టుమాను దగ్గరికి వచ్చి, తట్ట మీద చెవి పెట్టి, చాలాసేపు విని, మా ఇంటామె వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఆమె వాడిని పట్టించుకోలేదు. తట్టలన్నీ చూసి, "ఆకు సమంగా పరచలేదు. ఈ మూల పస్తుండాయి," అని నాకు గంప అందించింది.

మొదటి బహుమానం మాకే వచ్చింది. నా గురించి తెలిసినవాళ్ళు ఈ మాట దగ్గర ఆగి, తర్వాతి వరుసలో ఒప్పుకోలు కోసం చూస్తారు. లేదు. నిజంగా మొదటిదే వచ్చింది. గెలిచిన కప్పు పురుగుల మనెలో గోడ గూట్లో ఉంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు. కాళ్ళు తుడుచుకొని రావాలి.

తిరుగు ప్రయాణంలో ఆటో వెనక తట్టల పక్కన కూర్చొని అడిగాను. "ఇన్నేండ్లకు సూస్తివి కదా. ఎట్లుండాది?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకొంది. ఇద్దరమే ఉన్నా గొంతు తగ్గించింది.

"తలుపు తెరిసినంక లోపల ఏముండె?"

"అదేమి, సూడలేదా?"

"వాన రాంగానే కండ్లు మూసుకుంటిని."

నవ్వబోయి ఆగాను. ఎందుకంటే పెద్ద తెర మీద ఆ సీనును వెనక నుంచి తప్ప నేనూ ఎన్నడూ చూడలేదు. వెనక నుంచి బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనబడుతుంది, అందుకే నా గడియ ఎప్పుడూ ఎడమ పక్కన ఉంది. ఆ సంగతి కూడా ఆమెకు అప్పుడే చెప్పేశాను. ఆమె ముందర కూర్చున్న మనవరాలి భుజం తట్టింది.

"పాపా, వచ్చే పురుగుల పంటకు సినిమా మళ్ళ వేస్తావా? ఈసారి ఆకు నువ్వు వేయి. మేమిద్దరం ముందర కూర్చుంటాము."